ఆ కాలువ కాదండి

మా వీధి వాట్సాప్ గ్రూపులో మొన్న ఒకావిడ అడిగారు: "దేవగన్నేరు కొమ్మలు ఎప్పుడు కొట్టించాలండి? మేడ మీదికి వచ్చేస్తోంది." సాయంత్రానికల్లా పదిమంది పదకొండు సలహాలిచ్చారు. ఒకరు అమావాస్య వెళ్ళాక అన్నారు. ఒకరు తొలకరి పడగానే అన్నారు. ఒకరు ఏకంగా చెట్టు కొట్టించేసి అక్కడ కారు పెట్టుకోమన్నారు. ఇంకొకాయన సంగతేమిటో చదవకుండానే దణ్ణం బొమ్మ పెట్టారు.

నాకు జవాబు తెలుసు. తెలిసీ కాసేపు ఫోను మీద వేలు ఆడించి ఊరుకున్నాను. ఆ జవాబు నాది కాదు, ఒకాయనది. ఆయన పోయిన మాఘంలోనే పోయాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. మరిచిపోయి కాదు. ఆయనకి నేను ఇదివరకే ఒక పేరు పెట్టి ఉన్నాను. ఒక మనిషికి నా వల్ల అంతకు మించి నష్టం జరగకూడదు.

ఆయన లస్కరు. అంటే కాలువల మీద లాకులూ తూములూ ఉన్నచోట తలుపులెత్తి, దించి, నీళ్ళని అదుపులో పెట్టే చిన్న ఉద్యోగి. ధవళేశ్వరం దిగువన ఒక లాకు దగ్గర ముప్పై ఏళ్ళు ఆ పని చేసి రిటైరై, ఆ తర్వాత రాజమండ్రిలో మా వైపు ఇళ్ళకి వచ్చి పూలచెట్ల కొమ్మలు కోసేవాడు. నీళ్ళలోంచి చెట్ల మీదికి ఎలా వచ్చాడని నేనెప్పుడూ అడగలేదు. నేను రిటైరైన తెలుగు మేష్టారిని. పరీక్ష పేపర్లు దిద్దీ దిద్దీ, ఇద్దరు ఒకే మాట రాస్తే ఒకడు కాపీ కొట్టాడని తేల్చేసే బుద్ధి పట్టుకుంది. అడగడం కంటే అనుమానించడం నాకు తేలిక.

బతికుండగా ఆయన్ని 'నువ్వు' అనేవాణ్ణి. ఇప్పుడు కాగితం మీద 'ఆయన' అంటున్నాను. కొందరికి గౌరవవాచకం రావాలంటే, నా వ్యాకరణంలో ముందు వాళ్ళు పోవాలి.

సన్నగా పొడుగ్గా ఉండేవాడు. ఖాకీ నిక్కరు, చేతుల బనీను, భుజాన తువ్వాలు. సైకిలు హ్యాండిలుకి గోనెగుడ్డలో చుట్టిన రంపం. కుడిచేతి బొటనవేలి గోరు ఒక్కటే పెంచేవాడు. మిగతా తొమ్మిదీ మొదలంటా తీసేసి ఉండేవి. ఒక్క గోరు పెంచే మనిషిని నేను అంత తొందరగా నమ్మలేను. వచ్చీ రాగానే అందరిలా పువ్వుల వైపు చూసేవాడూ కాదు. చెట్టు మొదలు చూసి, చుట్టూ ఒకసారి తిరిగి, వెనక్కి వెళ్ళి, నాకు వీపు పెట్టి ఏదో చేసేవాడు. తర్వాత ఆ గోరు తువ్వాలుకి తుడుచుకుని, "కాలువ నడుస్తోందండి. కట్టేశాక కోద్దాం," అని సైకిలెక్కేవాడు.

మేము మొదటిసారి పిలిపించిన ఏడు, ఆశ్వయుజం నుంచి మార్గశిరం దాకా నాలుగుసార్లు వచ్చాడు. నాలుగుసార్లూ అదే మాట. మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ మాత్రం నాలుగుసార్లూ తాగాడు. మా దేవగన్నేరు అప్పటికే పక్కింటివాళ్ళ బట్టల తీగ మీద చెయ్యేసి నిలబడింది.

"ఈయన చెట్టుకి రావడం లేదే, మజ్జిగకి వస్తున్నాడు," అన్నాను.

"మీరు పేపరు చదవడానికని నలుగురిళ్ళకి వెళ్ళి కాఫీలు తాగి రావడం లేదా?" అంది మా ఆవిడ.

అయినా నా అనుమానాలు నాకున్నాయి. చెట్టు వెనక ఏం చేస్తాడు? ప్రభుత్వం కాలువ కట్టేయడానికీ నా చెట్టు కొమ్మ కొట్టడానికీ సంబంధమేమిటి? రిటైరైనా పాత ఉద్యోగం మాటలే ఎందుకు మాట్లాడతాడు? అన్నిటికంటే పెద్ద అనుమానం సైకిలు వెనకది. ఎవరింట్లో కోసినా ఆ కొమ్మలు కట్టలు కట్టి పట్టుకుపోయేవాడు. మాకు కడియం ఎంత దూరం గనక. అక్కడి నర్సరీల్లో దేవగన్నేరు కొమ్మ గుచ్చితే మొక్క, మొక్కయితే సరుకు.

పుష్యమాసంలో ఒక పొద్దున రంపం విప్పుకుని మరీ వచ్చాడు. చెట్టు ఆకులన్నీ రాల్చేసి, జింక కొమ్ముల్లా మిగిలింది. వెనక్కి వెళ్ళొచ్చి, "కట్టేసిందండి. ఇవాళ కోసేద్దాం," అన్నాడు.

దొరికాడు అనుకున్నాను. ఆ పొద్దునే నేను కాలువగట్టు మీద నడిచి వచ్చాను. దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, వదిలిన నీళ్ళు గట్టు ఒరుసుకుంటూ పోతున్నాయి.

"కాలువ నిండుగా పోతుంటే కట్టేసిందంటావేంటయ్యా?" అన్నాను. "నేను ఇప్పుడే చూసొచ్చాను."

ఆయన ఓసారి నా వైపు, ఓసారి చెట్టు వైపు చూశాడు. "ఆయ్. పోతోందండి," అన్నాడు.

"మరి? కట్టేశాకే రా."

"అలాగేనండి. మీ ఇష్టమండి," అని రంపం మళ్ళీ గోనెలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. పరీక్ష హాల్లో చీటీ పట్టుకున్నంత ఆనందమేసింది నాకు.

వేసవిలో కాలువలు కట్టేస్తున్నారని పేపర్లో పడింది. ఆయన రాలేదు. వారం చూశాను. పెద్ద పెద్ద బంగళాలు దొరికి ఉంటాయి, మనమెందుకు గుర్తుంటాం అనుకున్నాను. ఈలోగా మా ఆవిడ పంచాంగం చూసి, కత్తెర వస్తోంది, ఇక చెట్టు జోలికి వెళ్ళకండి అంది. ఎండ ముదిరే ఆ మూడు నాలుగు వారాల్లో చెట్టు నరకకూడదు, నుయ్యి తవ్వకూడదు. పంచాంగం దాన్ని కర్తరి అంటుంది, మనం కత్తెర అంటాం. "కత్తెర రాకముందే కత్తెర పట్టాలన్నమాట," అన్నాను. మా ఆవిడ నవ్వలేదు. నేను ఎదురింటివాళ్ళ రంపం తెచ్చుకుని నిచ్చెనెక్కాను.

తెల్లటి పాలు కారి చొక్కా పాడైంది. ప్రతి కొమ్మ చివరా వేళ్ళు ముడుచుకున్నట్టు గుత్తులున్నాయి. చిగుళ్ళనుకున్నాను. అవి మొగ్గలని అన్నీ కింద పడ్డాక మా ఆవిడ చెప్పింది. నేను దిగేసరికి చెట్టు, గుడ్డ ఊడి ఊచలు మిగిలిన గొడుగులా ఉంది. ఆ వేసవంతా మా దేవుడికి పక్కింటి పూలే. "వాళ్ళ పూలు పెడితే పుణ్యం వాళ్ళకే పోతుంది," అని మా ఆవిడ దేవుడితో అంటున్నట్టుగా నాతో అనేది.

కోసిన నాలుగో రోజున ఆయన వచ్చాడు. గేటు తోసి రెండడుగులు వేసి ఆగిపోయాడు.

"ఎవరు కోశారండి?"

"కోయబడింది," అన్నాను. కర్తరి వాక్యంలో చేసినవాడు దొరికిపోతాడు, కర్మణిలో అయితే దాక్కోవచ్చు. తెలుగులో మనుషులెవరూ అలా మాట్లాడరని పిల్లలకి ఏటేటా చెప్పింది నేనే.

"మేష్టారే కోశారు," అంది వంటింట్లోంచి కర్త తెలిసిన మనిషి.

"కాలువ కట్టేశాక కోయాలని నువ్వే కదయ్యా అన్నావు? పేపర్లో చూసే కోశాను."

ఆయనకి మెల్లిగా అర్థమైంది. "ఆ కాలువ కాదండి," అన్నాడు. "చెట్టు కాలువండి."

వెనక్కి తీసుకెళ్ళి చూపించాడు. గోరుతో చిన్న గాటు పెట్టాడు. పాలు బొట్టు కట్టి, జారాయి. "ఇదిగో, ఇది నడవడమండి. పుష్యంలో ఆకు రాల్చేశాక గాటు పెడితే బొట్టు పెరగదండి, అక్కడే ఆరిపోద్ది. అది కట్టేయడం. అప్పుడు కోస్తే దానికి నొప్పి తక్కువ. మన కాలువ దాళ్వాకి నిండుగా నడిచేటప్పుడు దీనిది కట్టేసుంటదండి. మనది కట్టేసే వేళకి దీనిది వదులుతారు."

"ఎవరు వదులుతారు?"

"దానికీ ఓ లస్కరుంటాడు కదండి."

"ఆ రోజే ఈ మాట చెప్పొచ్చుగా?"

"మీరు వద్దంటున్నారనుకున్నానండి. వద్దన్నోళ్ళ చెట్టు మీద చెయ్యెయ్యనండి."

ఉపమేయానికీ ఉపమానానికీ భేదం లేకుండా చెబితే రూపకం. అందరికీ అర్థమయ్యేలా బోర్డు మీద గీతలు గీసి మరీ చెప్పినవాణ్ణి. చెట్టులో కాలువ అంటే అర్థం కాక గట్టు మీదికి వెళ్ళి చూసొచ్చాను. ఈ సంగతి సాయంత్రాలు పార్కులో కలిసే నా స్నేహితులకి తెలిస్తే నా పరువు ఆ కాలువలోనే కలిసేది. అందుకని నా అవమానానికి ఒక దొంగ కావలసి వచ్చాడు.

దొంగ దొరకడం కష్టం కాలేదు. ఆయన వెళ్తూ వెళ్తూ నేను నరికిన కొమ్మలన్నీ ఏరి రెండు కట్టలు కట్టి సైకిలు మీద వేసుకున్నాడు. నన్ను అడగలేదు. ఆ సాయంత్రం పార్కు బెంచీ మీద మా రిటైర్డు బృందం, "ఏంటి మేష్టారూ, చెట్టుకి గుండు చేయించారు?" అని అడిగితే అన్నాను: "లస్కరని పిలిస్తే తస్కరుడు వచ్చాడండి. నా చెట్టు మొత్తం కడియం చేరింది."

అందరూ పడీ పడీ నవ్వారు. ఉద్యోగంలో ఉండగా నా శ్లేషలకి ఎవరూ నవ్వేవారు కాదు, ఇంటికొచ్చి నేనే నవ్వుకునేవాణ్ణి. అంచేత ఆ నవ్వు నాకు మూడు రోజులు నిలవుంది.

మాట నా నోట్లోంచి పోయాక నా మాట వినలేదు. పదిరోజుల్లో వీధిలో పిల్లలు ఆయన సైకిలు కనపడితే 'తస్కరుడొచ్చాడు' అనడం మొదలుపెట్టారు. మూడిళ్ళవాళ్ళు గేటు గడియ తియ్యడం మానేశారు. మూల ఇంటి రిటైర్డు ఆఫీసరుగారైతే, మా ఇంట్లో ఏ చెట్టూ లేదు పొమ్మన్నారు. ఆయన వెనకే ఆరడుగుల కాగడామల్లె పందిరి ఉంది. లస్కరుకి వచ్చే చిన్న పింఛను కాక ఈ ఇళ్ళే ఆధారమో, కాలక్షేపమో నాకు తెలియదు. రెండింటికీ గేటు తెరవాలి.

ఒకరోజు భోజనం దగ్గర మా ఆవిడ అడిగింది. "ఆయన్ని దొంగన్నారట మీరు?"

"దొంగనలేదు. తస్కరుడన్నాను."

"ఆ కొమ్మలు పట్టుకుపొమ్మన్నది నేను. ఆ పాలు కారే కొమ్మలు చెత్తబండి వాళ్ళు ఎత్తం అన్నారు. కడియంలో ఎవరికైనా ఇచ్చేస్తానమ్మా అంటే, పుణ్యముంటుంది నాయనా తీసుకుపో అన్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరడిగారా? మీరు అనుమానిస్తారు గానీ అడగరుగా."

తప్పు నాదేనని అలా తెలిసింది. దిద్దుకుందామనే అనుకున్నాను. పార్కులో చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ వాతావరణం గురించి మాట్లాడాను.

ఆషాఢంలో ఆయన వచ్చాడు. అంతకుముందు గేటు తోసుకుని వచ్చే మనిషి, ఈసారి బయటే నిలబడి గొళ్ళెం చప్పుడు చేశాడు.

"చెట్టు పనికి కాదండి. ఓ మాటకి అర్థం కావాలండి. తెలుగు మాటేనండి."

"అడుగు."

"తస్కరుడంటే ఏంటండి?"

నా వెనక వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"ఎవరన్నారు?" అన్నాను, ఎవరన్నారో తెలిసి.

"పిల్లలు అంటున్నారండి. పెద్దోళ్ళు నవ్వుతున్నారండి. లస్కరు కంటే పై ఉద్యోగమేమో, మీకైతే తెలుస్తదని వచ్చానండి."

ఆ మొహంలోకి చూశాను. వెక్కిరింత ఉందా అని వెతికాను. లేదని చెప్పలేను, ఉందనీ చెప్పలేను. నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. నేను నిఘంటువులోకి పరిగెత్తినట్టు పైకి చూసి, "తస్కరుడంటే... పక్కవాడికి చప్పుడైనా తెలియకుండా పని చక్కబెట్టేవాడు. నేర్పరి," అన్నాను. అక్షరాలా చూస్తే అబద్ధం కాదు. అందుకే ఇంకా సిగ్గుగా ఉంటుంది.

"అలాగాండి," అన్నాడు. "మంచి మాటేనండి." నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి నాకు శిక్ష మొదలైంది. ఏ ఇంటి ముందు ఆగినా గట్టిగా, "తస్కరుణ్ణండి, వచ్చానండి," అనేవాడు. గడియ తియ్యని ఆ మూడిళ్ళ దగ్గరా అదే. మూల ఇంటాయన తెల్లబోయి, ఆ మాటకి అర్థం తెలుసా అని అడిగారట. "తెలుసండి. చప్పుడు కాకుండా పని చేసేవోడండి. మా మేష్టారు చెప్పారండి," అన్నాడట. ఆయన నవ్వలేక, ఏడవలేక, గేటు తీశారు. ఆ సాయంత్రం పార్కులో నలుగురూ నా వైపు చూసిన చూపు గురించి రాయను. తన నోటితో తనే చెప్పుకునేవాణ్ణి ఇంక ఎవరేమని వెక్కిరిస్తారు? పిల్లలు మానేశారు. నెల తిరిగేసరికి మూడు గేట్లూ తెరుచుకున్నాయి. నవ్వేవాళ్ళు మాత్రం మిగిలారు, నన్ను చూసి.

"ఇప్పుడు తెలుస్తోందిలెండి దొంగెవరో," అంది మా ఆవిడ.

అప్పటినుంచి నా అనుమానం ఒక్కటే అయింది. ఈయనకి తెలుసా, తెలియదా?

పుష్యంలో వచ్చి మా చెట్టు కోశాడు. నిచ్చెన నేను పట్టుకున్నాను, పైకి మొహం చూడటానికి అనువుగా ఉంటుందని. తూర్పు వైపు కొమ్మలే ఏటవాలుగా కోసి, కోసిన చోటల్లా పేడ మెత్తి, పడమర వైపు ముట్టుకోలేదు. ఎందుకని, ఈసారి అడిగాను.

"కోసిన కొమ్మ ఆ ఏడు సరిగ్గా పుయ్యదండి. రెండుగా చీలి పై ఏడు పూస్తది. మొత్తం ఒకేసారి కోస్తే అమ్మగారు మళ్ళీ పక్కింటికి వెళ్ళాలి. అందుకని వంతులండి. నీళ్ళు తక్కువైన ఏడు కాలువ మీద పెట్టేవోళ్ళం కదండి, ఈ మూడ్రోజులు ఎగువోళ్ళకి, ఆ మూడ్రోజులు దిగువోళ్ళకి. ఎవరి చేనూ ఎండదు. తిట్టడం మాత్రం ఇద్దరూ మమ్మల్నే తిట్టేవోరండి."

"ఇద్దరూ తిడితే ఎలా ఊరుకునేవాడివయ్యా?"

"తిట్టినోళ్ళకి కూడా తలుపు ఎత్తాలి కదండి," అని కింద నా చేతుల వైపు చూశాడు. "నిచ్చెన గట్టిగా పట్టుకోండి మేష్టారూ. తస్కరుడు పడ్డాడంటే మళ్ళీ నవ్వుతారండి."

ఆ 'మళ్ళీ' దగ్గర నిచ్చెన ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను. తెలుసనడానికి అది చాలు అనుకున్నాను. రాత్రి పడుకునేసరికి, చాలదనిపించింది. అలా మూడు పుష్యాలు గడిచాయి. తూర్పు, పడమర, మళ్ళీ తూర్పు. వేసవి రాగానే ఏదో ఒక వైపు చెట్టు తెల్లగా పూసేది. నేను మాత్రం ఏ వైపూ తేల్చుకోలేకపోయాను.

నాలుగో పుష్యంలో ఆయన రాలేదు. ఒంట్లో బాగాలేదని పాలాయన చెప్పాడు. ఆటో కట్టించుకుని వెళ్ళాను. లాకుకి కాస్త ఎగువన, గట్టు దిగిన చోట రేకుల ఇల్లు. వసారాలో నవారు మంచం మీద కాలువకి ఎదురుగా కూర్చుని ఉన్నాడు, సగం మనిషై. వాళ్ళావిడ కుర్చీ వేసి, టీ పెడతానని లోపలికి వెళ్ళింది.

"మీరు పడుకోండి, లేవకండి," అన్నాను.

"నన్ను మీరంటున్నారేంటండి? డాక్టరుగారేమైనా చెప్పారాండి?" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఇంక ఆగితే ఆగిపోతానని, ఒక్క ఊపిరిలో చెప్పేశాను. "ఆ మాటకి అప్పుడు నేను చెప్పిన అర్థం తప్పు. ఆ మాట పుట్టించిందీ నేనే."

ఏ మాటండి అని అడగలేదు.

"తెలుసండి," అన్నాడు. "కార్తీకమాసం నెలంతా లాకు దగ్గర పురాణం పెట్టించేవోళ్ళమండి. వెన్న ఎత్తుకుపోయినాయన్ని పంతులుగారు ఆ మాటే అనేవోరు."

"మరి నన్నెందుకడిగారు?"

"మీరేం చెబుతారో విందామనండి."

లోపల స్టవ్వు వెలిగిన చప్పుడు వినపడింది.

"ఇన్నాళ్ళూ గేటు గేటు దగ్గరా మీరే అనుకుంటూ తిరిగారే," అన్నాను.

"ఇంకోళ్ళంటే తిట్టండి. నేనే అనేసుకుంటే ఇంక వాళ్ళకేం మిగులుద్దండి?"

"నేను అందరికీ చెబుతాను. ఇవాళే. తప్పు నాదని గ్రూపులో రాసి పెడతాను."

"వద్దండి," అన్నాడు. "అలవాటైపోయింది. మీరు చెప్పిన అర్థమే బావుందండి, దాన్నే ఉంచెయ్యండి. వీలైతే మాటలకి అర్థాలుండే మీ పెద్ద పుస్తకంలో కూడా అలాగే రాయించండి."

నవ్వుతున్నాడేమోనని మొహంలోకి చూడబోయాను. ఆయన కాలువ వైపు తిరిగి కూర్చున్నాడు.